పెట్ట లేస్తే అరవాలి

అక్టోబర్ మూడో శనివారం దగ్గరపడుతోందంటే నాకు ఇప్పటికీ కాలు ఒకచోట నిలవదు. ఇంట్లో వాళ్ళు పండగ హడావుడి అనుకుంటారు కానీ నా మనసు అమెరికాలోని సౌత్ డకోటాలో ఉంటుంది, అక్కడ ఆ రోజు ఫెజెంట్ వేట సీజన్ మొదలవుతుంది. 2007 ఆగస్టు నుంచి 2014 వేసవి దాకా ఏడేళ్ళు అక్కడ చదువుకున్నాను, ఏడు సీజన్లూ పొలాల్లో తిరిగాను, ఒక్కసారి కూడా తుపాకీ ముట్టుకోలేదు. నాకు అప్పజెప్పిన పని వేరే. గడ్డిలో నడవాలి, పిట్ట లేస్తే అది పుంజో పెట్టో చూడాలి, పెట్ట అయితే గొంతు చించుకుని అరవాలి.

ఫెజెంట్ అంటే తెలియనివాళ్ళకు చెబుతాను, అది మన కోడికీ నెమలికీ కౌజుకీ చుట్టం. పుంజుని మొదటిసారి చూసినప్పుడు ఎవరో కూర్చుని రంగులేసి వదిలారేమో అనిపించింది. ఎర్రటి ముఖం, ముదురాకుపచ్చ మెడ, దాని కింద కంటెలాగా తెల్లటి వలయం, ఒళ్ళంతా రాగి రంగు, మూరెడు తోక. పెట్ట మాత్రం ఎండుగడ్డి రంగులో ఉంటుంది, రెండడుగుల దూరంలో కూర్చున్నా కంటికి ఆనదు. అక్కడి వేట చట్టం మొత్తం ఈ తేడా మీదే నిలబడి ఉంది. పుంజుల్ని కొట్టొచ్చు, పెట్టని కొట్టకూడదు.

నేను బ్రూకింగ్స్‌లో మట్టి మీద మాస్టర్స్‌కి చేరాను, తర్వాత పీహెచ్‌డీ కూడా అక్కడే. మా ల్యాబ్‌లో టెక్నీషియన్ ఒకతను ఉండేవాడు, నాకంటే పదిహేనేళ్ళు పెద్ద, వాళ్ళ నాన్నకి రెడ్‌ఫీల్డ్ దగ్గర పొలం. నేను వెళ్ళిన రెండు నెలలకే, "శనివారం ఏం చేస్తున్నావ్, మా ఊరు వస్తావా, నడిచే మనుషులు తక్కువయ్యారు" అన్నాడు. ఎందుకు నడవాలో కూడా అడగకుండా సరేనన్నాను. 14వ నంబరు హైవే మీద పడమటికి హ్యూరాన్ దాటి వోల్సీ దాకా వెళ్ళి, అక్కడ 281 ఎక్కి ఉత్తరానికి తిరిగాం. దారి పొడుగునా మొక్కజొన్న, సోయా, మధ్యమధ్యలో ఛాతీ ఎత్తు గడ్డి ఉన్న బీళ్ళు. ఇంత మంచి నేలని ఎందుకు వదిలేశారని అడిగితే, "వదిలెయ్యలేదు, ప్రభుత్వం అద్దె కడుతోంది" అన్నాడు. ఆ మాట అప్పుడు నాకు అర్థం కాలేదు. తర్వాతి ఏడేళ్ళలో నేను నేర్చుకున్నదంతా ఆ ఒక్క మాటకి అర్థమే.

వాళ్ళ నాన్నకి, ఆ పెద్దాయనకి, అప్పుడు డెబ్భై నిండుతున్నాయి. పొడుగు మనిషి, మాట తక్కువ. పొద్దున్నే వేట మొదలుపెడతారేమో అనుకున్నాను, పన్నెండు కొట్టేదాకా ఎవరూ తుపాకీ కేసు కూడా తెరవలేదు. ట్రాక్టర్ షెడ్డులో ఇరవై మందిమి కుర్చీలు వేసుకుని కూర్చున్నాం, ఆడవాళ్ళు చేసిన శాండ్‌విచ్‌లు తిన్నాం, ఎవరో రేడియో పెట్టారు. అప్పట్లో సీజన్ మొదటి వారంలో మధ్యాహ్నం పన్నెండుకి ముందు తూటా పేలకూడదని రూలు. (ఇప్పుడు మార్చేశారు, 2020 నుంచి మొదటి రోజు నుంచే ఉదయం పదికి మొదలు.) పదకొండున్నరకి షెడ్డు ఎదురుగా రోడ్డు మీదికే మూడు పుంజులు వచ్చి రాళ్ళు ఏరుకుంటున్నాయి. అందరూ చూస్తున్నారు, ఎవరూ కదల్లేదు. మిన్నెసోటా నుంచి వచ్చిన చుట్టం ఒకాయన గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు, అంతే. బయటి రాష్ట్రం వాళ్ళ లైసెన్సు రెండు విడతలుగా ఐదేసి రోజులకే పనిచేస్తుంది, ఆయన ఆ తేదీలు ఎంచుకోవడానికి ఏడాదంతా లెక్కలు వేసుకుంటాడట. ఆయన కూడా పన్నెండు దాకా ఆగాడు. చుట్టూ మైళ్ళ దూరంలో ఇంకో మనిషి లేడు, పోలీసు లేడు, అయినా ఆగారు. నేను ఆ రోజు చూసినవాటిలో నా మనసులో ఎక్కువగా నిలిచిపోయింది ఇదే.

పన్నెండుకి లేచారు. సగం మంది బండ్లలో పొలం అటు చివరకి వెళ్ళి నిలబడ్డారు, వాళ్ళని బ్లాకర్లు అంటారు. మిగతా సగం ఇటు నుంచి వరుసగా, చెయ్యి చాచితే అందనంత ఎడంలో, గడ్డి తొక్కుకుంటూ నడిచాం. ఫెజెంట్ ఎగరడానికి బద్ధకిస్తుంది, పరిగెత్తడానికే చూస్తుంది. మనుషులు వెనక నుంచి వస్తుంటే గడ్డి మొదళ్ళలో పరిగెత్తి పరిగెత్తి, పొలం చివరకొచ్చాక ముందు మనుషులు కనపడితే అప్పుడు ఒక్కసారిగా లేస్తుంది. ఆ లేవడం ఉందే, కాళ్ళ దగ్గర బాంబు పేలినట్టే ఉంటుంది, నేను మొదటిసారి వెనక్కి పడిపోయాను. పుంజు లేస్తూ లేస్తూ గట్టిగా అరుస్తుంది, పెట్ట చప్పుడు లేకుండా లేస్తుంది. సూర్యుడు ఎదురుగా ఉంటే రంగులు తెలియవు, అన్నీ నల్లగానే కనిపిస్తాయి, పైగా అక్టోబర్‌కి చిన్న పుంజులకు రంగు పూర్తిగా రాదు. అందుకే మొదట చూసినవాడు అరవాలి. పుంజైతే "రూస్టర్!", పెట్టైతే "హెన్!" ఆ రెండో అరుపు వినబడితే తుపాకీ గొట్టాలన్నీ ఆకాశంలోకి లేవాలి. తుపాకీ లేనివాడికి చూడ్డానికి తీరిక ఎక్కువ కదా, అందుకని పెద్దాయన నన్ను వరుస మధ్యలో పెట్టి, "నువ్వు పెట్టల సంగతి చూసుకో అబ్బాయ్" అన్నాడు. ఏడేళ్ళూ అదే చోటు.

మనిషికి రోజుకి మూడు పుంజులు, మొత్తం కలిపి దగ్గర పదిహేనుకి మించి ఉండకూడదు. బాతుల్లాంటి వలస పక్షులకు కేంద్రం రూల్స్ ఉంటాయి, ఫెజెంట్ వలస పోదు, పైగా అమెరికాలో పుట్టిన పక్షి కూడా కాదు, కాబట్టి దాని లెక్కంతా రాష్ట్రానిదే. పుంజుల్నే ఎందుకు కొట్టనిస్తారని నేను అడిగితే పెద్దాయన కొట్టంలో కోళ్ళని చూపించి, "వీటికి ఎన్ని పుంజులు కావాలి?" అన్నాడు. ఒక్క పుంజు చాలా పెట్టలతో జతకడుతుంది. శరదృతువులో పుంజుల్లో సగానికి పైగా పోయినా, వసంతంలో పెట్టలన్నీ గుడ్లు పెడతాయి. పెట్ట పోతే మాత్రం ఒక గూడు మొత్తం పోయినట్టే.

మూడో ఏడు అనుకుంటాను, ఆయన మనవడు ఒక పెట్టని కొట్టాడు. పదహారేళ్ళ కుర్రాడు. సాయంత్రం, సూర్యుడు దిగిపోతున్నాడు, నేను అరిచాను కానీ అరుపూ తూటా ఒకేసారి అయ్యాయి. పిట్ట పడింది. కుర్రాడి ముఖం తెల్లబోయింది. పక్కనున్న ఒకరిద్దరు "గడ్డిలో వదిలెయ్, నక్కలు తింటాయి" అని మెల్లగా అన్నారు. పెద్దాయన వాళ్ళ వంక చూశాడు, ఏమీ అనలేదు. జేబులోంచి ఫోన్ తీసి మనవడి చేతికిచ్చి, వేట శాఖ ఆఫీసర్‌కి నువ్వే చెప్పు అన్నాడు. ఆ ఆఫీసర్ ముప్పావు గంటకి వచ్చాడు, అప్పటిదాకా అందరం వేట ఆపేసి గట్టు మీద కూర్చున్నాం. ఆయన ఏమీ కసురుకోలేదు, వివరాలు రాసుకుని, పిట్టని తీసుకుని, జరిమానా కాగితం ఇచ్చి వెళ్ళిపోయాడు. ఆ జరిమానా డబ్బు కుర్రాడు శీతాకాలమంతా పక్క పొలాల్లో పశువులకి మేత వేసి కట్టాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ఒక్క క్షణం ముందు చూసుంటే బావుండేది కదా అని. పొద్దున్నే పెద్దాయనతో అదే అంటే, "నువ్వు అరిచావు, నేను విన్నాను" అన్నాడు. అంతకు మించి ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు.

చీకటిపడ్డాక షెడ్డులో దీపాల కింద పిట్టల్ని శుభ్రం చేసేవాళ్ళు. అక్కడ కూడా ఒక రూలుంది, పట్టుకెళ్ళే పిట్టకి కాలో రెక్కో తలో ఏదో ఒకటి వదలాలి, దారిలో ఎవరైనా ఆపి చూస్తే అది పుంజేనని తెలియాలి. వీళ్ళు ఎప్పుడూ కాలు వదిలేవాళ్ళు. కాలికి ఉన్న ముల్లు చూసి వయసు చెప్పడం నాకు అక్కడే నేర్పించారు. పొట్టిగా మొద్దుగా ఉంటే ఆ ఏడు పుట్టిన పిల్ల, పొడుగ్గా నల్లగా వాడిగా ఉంటే ముదురు పుంజు. పది పిట్టల్లో ఎనిమిదో తొమ్మిదో ఆ ఏటివే ఉండేవి. అంటే ఈ పక్షికి రెండో పుట్టినరోజు చూడ్డమే గొప్ప. ప్రతి ఏడూ మళ్ళీ మొదటి నుంచి పుట్టుకురావాల్సిందే, ఒక్క ఏడు గూళ్ళు దెబ్బతింటే ఆ లోటు మరుసటి అక్టోబర్‌లో కళ్ళకి కట్టినట్టు కనిపిస్తుంది.

పనయ్యాక పెద్దాయన చిన్నప్పటి సంగతులు చెప్పేవాడు. ఈ పక్షి ఆసియాది. 1881లో షాంఘైలో అమెరికా కాన్సుల్‌గా ఉన్న ఓవెన్ డెనీ అనే ఆయన చైనా నుంచి ఓరెగాన్‌కి పంపించాడు. సౌత్ డకోటాలో 1908, 1909ల్లో రెడ్‌ఫీల్డ్ ఉన్న ఈ స్పింక్ కౌంటీ రైతులే తెచ్చి వదిలితే నిలదొక్కుకుంది. 1919లో మొదటి సీజన్ పెట్టారు, అది కూడా ఈ ఒక్క కౌంటీలో, ఒక్క రోజు. ఇరవై ఐదేళ్ళు తిరిగేసరికి రాష్ట్రంలో కోటీ అరవై లక్షల పక్షులు అయ్యాయంటారు, అది 1945 నాటి లెక్క. 1943లో దాన్నే రాష్ట్ర పక్షిగా ప్రకటించారు. ప్రపంచ యుద్ధం రోజుల్లో ఉత్తరాన అబర్డీన్ రైల్వే స్టేషన్‌లో ఆగే సైనికులకి ఊరి ఆడవాళ్ళు ఫెజెంట్ శాండ్‌విచ్‌లు ఉచితంగా పెట్టేవాళ్ళట. వాళ్ళమ్మ కూడా వెళ్ళేదట, ఈయన అప్పటికి అయిదారేళ్ళ పిల్లాడు, పిట్టల బుట్ట మీద చెయ్యి వేసుకుని బండిలో వెనక కూర్చునేవాడట. నలభై మైళ్ళు. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం ఆయన గొంతు మారేది.

నేను వేసవిలో కూడా వెళ్ళడం మొదలుపెట్టాను, మట్టి నమూనాలు తీసే పని ఉండేది, ఆయన ఇంట్లోనే ఉండేవాణ్ణి. అప్పుడే ఈ పక్షి ఎలా బతుకుతుందో, ఎక్కువగా ఎలా చస్తుందో చూశాను. జూన్ మొదట్లో అల్ఫాల్ఫా అనే పశువుల మేత పంట మొదటి కోత. సరిగ్గా అదే పెట్టలు పొదిగే సమయం. పది, పన్నెండు గుడ్లు పెట్టి ఇరవై మూడు రోజులు కూర్చోవాలి. ఆపద వచ్చినకొద్దీ ఇంకా నేలకి అంటుకుపోతుంది, అదే దాని రక్షణ. నక్క విషయంలో ఆ ఉపాయం పనికొస్తుంది, కోత మిషను విషయంలో పనికిరాదు. ఒకరోజు పెద్దాయన ట్రాక్టర్ ఆపి దిగాడు, నేను అవతల గట్టు మీద ఉన్నాను, పరిగెత్తుకుంటూ వెళ్ళాను. నేను అక్కడ చూసింది రాయలేను. పెట్ట లేదు, గూడు మాత్రం చెక్కుచెదరలేదు, పదకొండు గుడ్లు, ఆకుపచ్చ కలిసిన మట్టిరంగు, ఇంకా వెచ్చగా ఉన్నాయి. ఇంటికి పట్టుకెళ్ళి దీపం కింద పెట్టి పొదిగిద్దాం అన్నాను. అడవి పక్షి గుడ్లు మనం తీసుకోకూడదు, చట్టం ఒప్పుకోదు అన్నాడు. ఒకవేళ ఒప్పుకున్నా అవి బతకవు, డేగని చూసి దాక్కోవడం వాటికి ఎవరు నేర్పుతారు అన్నాడు. 1970ల్లో ఆయన కూడా కొట్టంలో రెండొందల పిల్లల్ని పెంచి వదిలాడట, వసంతానికి ఒక్కటి కూడా కళ్ళబడలేదట. తర్వాత నేను చదువుకున్నదాంట్లో కూడా అదే ఉంది, దొడ్లో పెంచి వదిలిన ఫెజెంట్లలో చాలావరకు కొన్ని వారాల్లోనే చచ్చిపోతాయి.

ఆ ఏటి నుంచి ఆయన కోత పొలం మధ్యలోంచి మొదలుపెట్టి అంచులకి వచ్చేవాడు. అంచుల నుంచి లోపలికి కోసుకుంటూ పోతే పిల్లలన్నీ మధ్యలో మిగిలిన ఆఖరి గుబురులో ఇరుక్కుపోతాయి, మధ్యలోంచి బయటికి వస్తే పక్క గడ్డిలోకి తప్పించుకునే దారి ఉంటుంది. ట్రాక్టర్‌కి అరగంట ఎక్కువ పడుతుంది, డీజిలు ఎక్కువ. ఆయన లెక్కచెయ్యలేదు.

ఆగస్టులో ఇంకో ముచ్చట. అప్పట్లో రాష్ట్రం వేట శాఖ వాళ్ళు ప్రతి ఏడూ పిల్లల లెక్క తీసేవాళ్ళు. ముప్పై మైళ్ళ దారులు నూటపది ఉండేవి, జూలై ఆఖరు నుంచి ఆగస్టు మధ్య దాకా, సూర్యోదయంతో మొదలుపెట్టి నెమ్మదిగా బండి నడుపుతూ రోడ్డు పక్కన కనపడ్డ ప్రతి పిట్టనీ లెక్కపెట్టేవాళ్ళు. అన్ని పొద్దులూ పనికిరావు. మంచు బాగా కురిసి ఉండాలి, గాలి ఉండకూడదు, ఎండ రావాలి. గడ్డి తడిసి ముద్దయితే తల్లి పిల్లల్ని తీసుకుని ఆరబెట్టుకోవడానికి కంకర రోడ్డు మీదికి వస్తుంది. నన్ను ఒకసారి వెనక సీట్లో కూర్చోనిచ్చారు, నాకు మాట్లాడకూడదని ఒక్కటే షరతు. ఒక మలుపులో తల్లి, వెనక తొమ్మిది పిల్లలు, కోడిపిల్లల కంటే కొంచెం పెద్దవి, ఒక్కొక్కటి రెక్క చాపుకుని ఎండలో పెడుతున్నాయి. రెండు వారాలు నిండితే ఎగరగలవు, అప్పటిదాకా పురుగులే తిండి, మిడతలూ చీమలూ పేడపురుగులూ. పురుగు మందు కొట్టిన పంట పచ్చగానే ఉంటుంది కానీ అందులో పిల్లకి తిండి ఉండదు. ఆ తొమ్మిదీ ఒక పక్క పొలంలోకి కాకుండా అటు గడ్డి బీట్లోకే పోవడం చూశాను, కావాలనే అటు వెళ్ళినట్టు.

శీతాకాలాన్ని ఎక్కువ రాయను, చలి గురించి అందరూ రాస్తారు. ఒక్కటి మాత్రం చెప్పాలి. మంచు తుఫానుల్లో ఇవి ఆకలితో చస్తాయని నేననుకునేవాణ్ణి. ఎక్కువగా చచ్చేది గాలికి. పొడి మంచు ఈకల్లో దూరి గడ్డకట్టి, ముక్కు రంధ్రాల్లో కూడా పేరుకుని ఊపిరి ఆడక చస్తాయి. వాటిని కాపాడేది కుంటల్లోని జమ్ము, ఇంటి చుట్టూ ఐదారు వరుసలు వేసిన చెట్లు. 2010 డిసెంబర్ నుంచి 2011 మార్చి దాకా మంచు ఆగకుండా పడింది, జమ్ము మొత్తం మంచుతో పూడుకుపోయింది. ఆ ఆగస్టు లెక్కలో పక్షులు 46 శాతం తగ్గాయి.

అయినా అది కోలుకునే దెబ్బే. గడ్డి ఉంటే రెండేళ్ళలో మళ్ళీ వస్తాయి, నేను వెళ్ళిన 2007లో రాష్ట్రంలో కోటి దాటి ఉన్నాయి, అరవైల తర్వాత అంత మంచి ఏడు లేదు. దానికి కారణం ఆ అద్దె. 1985 వ్యవసాయ చట్టంలో సీఆర్‌పీ అని పెట్టారు, పదేళ్ళో పదిహేనేళ్ళో దున్నకుండా గడ్డి వేసి ఉంచితే ఎకరానికి ఇంతని ప్రభుత్వం రైతుకి కడుతుంది. సౌత్ డకోటాలో 2007లో అలాంటి నేల 15 లక్షల ఎకరాలు ఉండేది. పెద్దాయనవి నూట అరవై ఎకరాలు అందులోనే. నేను నా మధ్య స్థానంలో నడిచింది ఆ గడ్డిలోనే.

తర్వాత మొక్కజొన్న ధర పెరగడం మొదలైంది. పెట్రోల్లో కలిపే ఇథనాల్ కోసం గిరాకీ, దాని మీద 2012 కరువు. ఆ ఆగస్టులో బుషెల్ (సుమారు పాతిక కిలోలు) ధర ఎనిమిది డాలర్లు దాటింది. అంత ధర ముందు సీఆర్‌పీ అద్దె ఏ మూలకి? గడువు తీరిన ఒప్పందాలు ఒక్కొక్కటే తిరగరాయడం మానేశారు. 281 మీద వెళ్తుంటే వారం వారం ఒక బీడు నల్లగా మారుతూ కనిపించేది. జమ్ము కుంటల్లో కూడా పైపులు వేసి నీళ్ళు తోడేసి దున్నారు. రైతుల్ని తప్పుపట్టలేను. మా టెక్నీషియన్ మిత్రుడి అన్న పొలం చూసుకునేవాడు, ఆయనకి ముగ్గురు పిల్లలు, బ్యాంకు అప్పు, కొత్త కంబైన్ వాయిదాలు. పెద్దాయన ఒప్పందం ఆ సెప్టెంబర్ ముప్పైతో అయిపోయింది. ఆ రాత్రి వంటింట్లో తండ్రీకొడుకులు మాట్లాడుకుంటుంటే నేను పక్క గదిలో ఉన్నాను. గొంతులు పెరగలేదు. చాలాసేపు ఎవరూ ఏమీ మాట్లాడలేదు, తర్వాత పెద్దాయన "సరే, కుంట చుట్టూ మాత్రం వదిలెయ్" అన్నాడు.

2013 వసంతం చలిగా తడిగా వచ్చింది, గూళ్ళు పెట్టేవేళకి కరువు వల్ల పాత గడ్డి లేదు, చాలాచోట్ల గడ్డే లేదు. ఆగస్టు లెక్క వచ్చింది. 64 శాతం తక్కువ. పేపర్లో ఆ అంకె చూసి నేను మళ్ళీ చదివాను. ఆ అక్టోబర్‌లో షెడ్డులో ఏడుగురమే ఉన్నాం. పన్నెండు దాకా ఆగాం, ఎప్పటిలాగే. దున్నిన నేలలో మొక్కజొన్న మోళ్ళ మధ్య నడిచి కుంట దాకా వెళ్ళాం. గంటన్నరలో రెండు పుంజులు, నాలుగు పెట్టలు. నేను నాలుగుసార్లు అరిచాను. ఆ పెట్టలు లేస్తున్నప్పుడు ఎవరూ తుపాకీ భుజానికి కూడా ఎత్తలేదు. చట్టం అప్పుడు కూడా మూడు పుంజులనే చెబుతోంది, మనుషులు చట్టాన్ని అప్పుడు కూడా తు.చ. తప్పకుండా పాటించారు, కానీ నడవడానికి గడ్డి లేదు. తుపాకీకి ఉన్నంత గట్టి రూలు నాగలికి లేదు, అందుకే ఆ డిసెంబర్‌లో హ్యూరాన్‌లో గవర్నరు అందరినీ కూర్చోబెట్టి గడ్డి నేలల మీద సదస్సు పెట్టాల్సి వచ్చింది. మిత్రుడు వెళ్ళాడు, నాకు థీసిస్ టెన్షన్, వెళ్ళలేకపోయాను. ఇప్పటికీ బాధే.

నేను వచ్చేశాక కూడా సంగతులు తెలుస్తూనే ఉన్నాయి. 2019లో గూళ్ళు దోచే జంతువుల మీద బహుమతి పెట్టారు, రక్కూన్ తోకో స్కంక్ తోకో తెస్తే పది డాలర్లు. పిల్లలకి ఉచితంగా బోన్లు కూడా ఇచ్చారు. నాకు ఇది నచ్చలేదు, సూటిగానే చెబుతున్నాను. వంద ఎకరాల గడ్డిలో గూడు వెతకడం స్కంక్‌కి కష్టం, గట్టు వెంబడి మూడడుగుల గడ్డి పట్టీ మాత్రమే మిగిలితే అది అటూ ఇటూ ఒకసారి నడిస్తే చాలు, అన్ని గూళ్ళూ దొరుకుతాయి. తోకలకి పెట్టిన డబ్బు గడ్డికి పెడితే స్కంక్ సంగతి గడ్డే చూసుకునేది. 2020లో ఆగస్టు లెక్క కూడా ఆపేశారు. ఆ రోడ్డు మీద రెక్కలు ఆరబెట్టుకునే పిల్లల్ని లెక్కపెట్టేవాళ్ళు ఇక రారన్న వార్త చదివి నేను ఆ రోజంతా మామూలుగా ఉండలేకపోయాను. అదే ఏడు వేటగాళ్ళ మీద హాబిటాట్ స్టాంపు అని ఒక రుసుము పెట్టారు, బయటివాళ్ళకి పాతిక డాలర్లు, ఆ డబ్బు గడ్డికీ చెట్లకీ కుంటలకీ. అది మాత్రం మంచి పని. తుపాకులూ తూటాల మీద వేసి 1937 నుంచి వన్యప్రాణుల కోసం కేటాయిస్తున్న పన్ను కూడా అలాంటిదే, వేటకి పెట్టే ఖర్చులోంచే అడవికి వాటా పోతుంది.

పెద్దాయన 2018లో పోయారు. నాకు ఫోన్ వచ్చేసరికి అంత్యక్రియలు అయిపోయాయి.

2022 సెప్టెంబర్‌లో, సీజన్‌కి నెల ముందు, పనిమీద అటు వెళ్ళాల్సి వచ్చి మా అమ్మాయిని కూడా తీసుకెళ్ళాను. తనకి తొమ్మిదేళ్ళు. మిత్రుడు పొలానికి తీసుకెళ్ళాడు. కుంట చుట్టూ వదిలిన నేల పక్కన ఇంకో నలభై ఎకరాలు మళ్ళీ గడ్డి అయింది. జేమ్స్ నది పరీవాహకంలో కొత్త ఒప్పందమట, లక్ష ఎకరాలు చెయ్యాలని 2009లో మొదలుపెట్టారు. అద్దె కాస్త ఎక్కువ, బదులుగా నడిచి వచ్చి వేటాడుకునే హక్కు అందరికీ ఇవ్వాలి. కంచె మీద చిన్న బోర్డు ఉంది. ఒకప్పుడు ముందుగా వచ్చి తలుపు తట్టి అడిగినవాళ్ళనే రానిచ్చిన పొలం అది. "అన్నయ్యే సంతకం పెట్టాడు" అన్నాడు మిత్రుడు, ఇంకేమీ చెప్పలేదు.

ముగ్గురమూ వరుసగా, చెయ్యి చాచితే అందనంత ఎడంలో నడిచాం. మా అమ్మాయి తలకంటే ఎత్తుగా ఉంది గడ్డి, తన ఎర్ర టోపీ పైకీ కిందకీ కదులుతూ కనిపిస్తోంది. కుంట దగ్గరికి వచ్చేసరికి తన కాళ్ళ ముందే ఏదో చప్పుడు లేకుండా లేచింది, గడ్డి రంగు, పొట్టి తోక, సూర్యుడికి ఎదురుగా. ఎవరి దగ్గరా తుపాకీ లేదు. అయినా నేను నాకు తెలియకుండానే గట్టిగా "హెన్!" అని అరిచాను. అటు పక్క నుంచి మిత్రుడు, ఖాళీ చేతులు రెండూ ఆకాశంలోకి ఎత్తి నిలబడిపోయాడు.